గేదె ఈనేటప్పుడు ఏం చేయాలి: పాలు ఆపిన రోజు నుంచి దూడ గడ్డి పట్టే దాకా

ఒకటి రెండు గేదెలున్న ఇళ్ల నుంచి వానాకాలం మొదలయ్యేసరికి ఒకే రకం ప్రశ్నలు వస్తాయి. చూడిగేదె ఎప్పుడు ఈనుతుంది? దూడను లాగాలా, వద్దా? మాయ ఇంకా పడలేదు, ముర్రుపాలు తాగించొచ్చా? మన వైపు గేదెలు ఎక్కువగా వానాకాలంలో, చలి మొదలయ్యే నెలల్లో ఈనుతాయి కాబట్టి ఈ ప్రశ్నలన్నీ ఒక్కసారే మీద పడతాయి.

చివరి ప్రశ్నకు జవాబు ముందే చెప్పేస్తాను. తాగించాలి. మాయ కోసం ఆగకూడదు. చిన్న రైతు ఇంట్లో దూడ చనిపోయిందంటే చాలాసార్లు పెద్ద రోగమేమీ ఉండదు. మొదటి పాలు ఆలస్యంగా అందడమో, బొడ్డు మురికి పట్టడమో, ఏలికపాముల (కడుపులో పురుగుల) మందు పట్టకపోవడమో ఉంటుంది. ఈ మూడూ మన చేతిలో ఉన్నవే.

ఇక్కడ రాసింది ముఖ్యంగా గేదెల గురించి. ఆవుకూ చాలావరకు ఇవే వర్తిస్తాయి, తేడా ఉన్నచోట చెబుతాను.

## 1. ముందు తేదీ లెక్క వేసుకోండి

గేదె చూడి కాలం సుమారు 310 రోజులు. ఆవుకు సుమారు 280. కొన్ని రోజులు అటూ ఇటూ అవుతుంది. జనవరి 10న చూడి సూది (కృత్రిమ గర్భధారణ) వేయించిన గేదె నవంబరు 16 ప్రాంతంలో ఈనుతుంది. వేళ్ల మీద లెక్కకు పది నెలల మీద ఒక వారం అనుకోండి.

సూది వేయించిన రోజు, లేదా దున్నతో కట్టించిన రోజు, గోడ క్యాలెండర్ మీదే రాసిపెట్టండి. సూది వేసే గోపాలమిత్ర ఇచ్చిన చీటీ పోతుంది, క్యాలెండర్ పోదు. ఆ తేదీ నుంచి ఇంకో మూడు గుర్తులు పెట్టుకోవాలి:

- ఈనే తేదీకి 60 రోజుల ముందు: పాలు ఆపాలి. పై లెక్కలో అది సెప్టెంబరు 17.
- 15 రోజుల ముందు: ఈనే చోటు సిద్ధం చేసి, గేదెను అక్కడికి మార్చాలి.
- తేదీ దాటి 10 రోజులైనా గుర్తులేవీ లేకపోతే: డాక్టరుకు చూపించాలి.

## 2. రెండు నెలల ముందు: పాలు ఆపడం, మేత మార్చడం

"ఇంకా రెండు లీటర్లు ఇస్తోంది కదా, ఎందుకు ఆపాలి?" అని అడుగుతారు. కడుపులో దూడ బరువు ఎక్కువగా పెరిగేది ఆఖరి రెండు నెలల్లోనే. పొదుగు కోలుకుని ముర్రుపాలు తయారు చేసుకునేదీ అప్పుడే. ఈనే దాకా పిండుకున్న గేదెకు ముర్రుపాలు పలచబడతాయి, తర్వాతి ఈతలో పాలూ తగ్గుతాయి.

ఆపే వరస ఇది:

1. దాణా వారం పాటు బాగా తగ్గించండి. పచ్చిమేత కూడా తగ్గించి ఎండుగడ్డి పెట్టండి.
2. రెండు పూటల పితుకుడు ఒక పూటకు, తర్వాత రోజు విడిచి రోజుకు తీసుకురండి.
3. చివరిసారి పొదుగు పూర్తిగా పిండేయండి. పొదుగువాపు వచ్చిన చరిత్ర ఉంటే, చన్నుల్లోకి ఎక్కించే మందు ట్యూబుల గురించి డాక్టరును అడిగి ఆ రోజే వేయించండి.
4. ఆ తర్వాత మళ్లీ ముట్టుకోవద్దు. పాత దూడ చీకకుండా వేరే చోట కట్టండి.

పాలు ఆగాక దాణా మళ్లీ మెల్లగా పెంచాలి. ఆఖరి నెలన్నర రోజుకు కిలోన్నర, రెండు కిలోల దాణా, కడుపు నిండా పచ్చిమేత, ఖనిజ లవణ మిశ్రమం 50 గ్రాములు. ఒక్క జాగ్రత్త: ఈనడానికి ముందు వారాల్లో బలం కోసమని కాల్షియం సీసాలు విడవకుండా పట్టవద్దు. బయటి నుంచి ధారాళంగా వస్తుంటే, ఎముకల్లోని కాల్షియం తీసి వాడుకునే అలవాటు ఒంట్లో మందగిస్తుంది. ఈనిన రోజున ఒక్కసారిగా అవసరం పడేసరికి పాల జ్వరం వస్తుంది.

ఈ రెండు నెలలూ గేదెను వేరే పశువులు పొడవకుండా, జారుడు గట్ల మీద, నిటారు చెరువు ఒడ్డున నడవకుండా చూసుకోండి. ఎందుకో 6లో చెబుతాను.

## 3. పదిహేను రోజుల ముందు: చోటు, సామాను

మామూలుగా కట్టే గుంజ దగ్గర ఈనివ్వడం మంచిది కాదు. చాలా పాకల్లో గేదె వెనక పంచితం పోయే కాలువ ఉంటుంది. రాత్రి ఎవరూ చూడనప్పుడు ఈనితే దూడ నేరుగా ఆ కాలువలో పడుతుంది. జారుడు జారుడుగా, పొర ఇంకా మూతి మీదే ఉన్న దూడ, జానెడు నీళ్లున్నా లేవలేదు.

పది అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు చోటు చాలు. నేల ఎత్తుగా, పొడిగా ఉండాలి. పాత గడ్డి, పేడ ఊడ్చి, సున్నం చల్లి, ఆరాక మందంగా వరిగడ్డి పరవండి. సిమెంటు నేల అయితే గడ్డి ఇంకా ఎక్కువ వేయాలి. పలుపు పొడుగ్గా ఉండాలి, గేదె చుట్టూ తిరిగి పడుకునేంత. చోటు భద్రమైతే విడిగా వదిలేయడమే మేలు. కుక్కలు రాకుండా తడిక అడ్డం పెట్టండి.

ఒక బకెట్‌లో ఇవన్నీ వేసి, మూత పెట్టి, పాకలోనే ఉంచండి:

- ఉతికి ఆరేసిన పాత నూలు బట్టలు, రెండు మూడు శుభ్రమైన గోతాలు
- టింక్చర్ అయోడిన్ లేదా పోవిడోన్ అయోడిన్ సీసా
- కొత్త బ్లేడు, గట్టి నూలు దారం
- చేతి తొడుగులు, సబ్బు
- పొటాషియం పర్మాంగనేట్ చిన్న పొట్లం
- కొబ్బరినూనె సీసా
- దూడకు పాలు పట్టే పీక ఉన్న సీసా
- థర్మామీటర్
- చార్జింగ్ ఉన్న టార్చిలైటు

మీ పశువైద్యుడి నంబరు, 1962 నంబరు పాక గోడ మీద పెద్దగా రాయండి. 1962 సంచార పశువైద్య వాహనం నంబరు, ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఇదే. ఆ బండి రాత్రిపూట మీ ఊరికి వస్తుందా, ఎవరిని పిలవాలి అనేది ఇప్పుడే కనుక్కోండి. నొప్పులు మొదలయ్యాక వెతుక్కోవడం కాదు.

## 4. ఈనబోతోందని ఎలా తెలుస్తుంది?

- రెండు మూడు వారాల ముందు నుంచి పొదుగు దిగుతుంది. పడ్డలకు (తొలిసారి ఈనేవాటికి) ఇంకా ముందే.
- మానం (దూడ బయటికి వచ్చే ద్వారం) వాచి, మెత్తబడి, ముడతలు పోతాయి.
- తోక మొదలుకు రెండు పక్కలా ఉండే గట్టి నరాలు సడలి గుంటలు పడతాయి. రోజూ ఒకే వేళకు అక్కడ చేత్తో నొక్కి చూడండి. నిన్నటి దాకా తాడులా తగిలింది ఇవాళ మెత్తగా లోపలికి పోతుంటే, ఒకటి రెండు రోజుల్లో ఈనుతుందని అర్థం.
- చన్నులు బిగిసి మెరుస్తాయి. జిగట తీగలు జారతాయి.
- ఈనే రోజు మేత మానేస్తుంది, లేస్తూ పడుకుంటూ ఉంటుంది, తోక ఎత్తుతుంది, మాటిమాటికీ కొంచెం కొంచెం ఉచ్చ పోస్తుంది.

పొదుగు బిగిసి బాధపడుతోందని ఈనక ముందే పిండేవాళ్లున్నారు. అలా పారబోసేది దూడ మొదటి పాలే. డాక్టరు చెబితే తప్ప చేయకండి. పిండక తప్పకపోతే ఆ పాలు శుభ్రమైన డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో దాచండి.

## 5. ఈనే గంటలు: చూస్తూ ఉండటమే పెద్ద పని

మొదటి దశలో గర్భద్వారం తెరుచుకుంటుంది. అనుభవమున్న గేదెకు రెండు నుంచి ఆరు గంటలు, తొలిచూలు పడ్డకు పన్నెండు గంటల దాకా పట్టొచ్చు. ఈ సమయంలో చుట్టూ జనం గుమిగూడొద్దు. ఇరుగుపొరుగు వాళ్లందరూ వచ్చి టార్చి కొడుతుంటే గేదె నొప్పులు ఆపేస్తుంది. అలవాటైన మనిషి ఒక్కరు, దూరంగా కూర్చుంటే చాలు.

తర్వాత ఉమ్మనీటి సంచి కనబడుతుంది. దాన్ని చేత్తో పగలగొట్టొద్దు. దానంతట అదే పగిలితే దారి జారుడుగా తయారవుతుంది.

సంచి వెనకాలే రెండు ముందుకాళ్ల గిట్టలు, వాటి మీద ఆనించినట్టు మూతి వస్తే దూడ సరిగ్గా ఉన్నట్టే. గిట్టల కొనన పసుప్పచ్చని మెత్తటి పొర ఉంటుంది, చూసి కంగారు పడకండి. తల్లి కడుపు చీరుకుపోకుండా ఉండే ఏర్పాటు అది. గిట్టల అరికాలు వైపు పైకి తిరిగి ఉంటే అవి వెనక కాళ్లు కావొచ్చు. వెనక్కి తిరిగిన దూడ కూడా బతుకుతుంది కానీ ఆలస్యాన్ని తట్టుకోలేదు, వెంటనే ఫోన్ చేయండి.

ఎప్పుడు పిలవాలి?

- సంచి కనబడిన గంటకు కూడా పురోగతి లేకపోతే
- కాళ్లు బయటికి వచ్చి, గట్టిగా ముక్కుతున్నా అరగంటలో ముందుకు రాకపోతే
- ఒక్క కాలే కనబడితే, లేదా తల ఉండి కాళ్లు లేకపోతే, లేదా తోక కనబడితే
- నాలుక బయటికి వచ్చి నీలంగా వాచిపోతే
- రక్తం ధారగా కారుతుంటే

సాయం చేయక తప్పకపోతే: గోళ్లు తీసి, మోచేతుల దాకా సబ్బుతో కడిగి, తొడుగు వేసుకుని, కొబ్బరినూనె రాసుకోండి. రెండు కాళ్లు, తల మూడూ సరిగ్గా ఉంటేనే ముట్టుకోవాలి. శుభ్రమైన నూలు తాడు గిట్ట పైనున్న కీలుకు ఇంకా పైన వేయండి. గేదె ముక్కినప్పుడే లాగాలి, ఆపినప్పుడు ఆపాలి. ఒకసారి ఒక కాలు, ఇంకోసారి రెండో కాలు కొద్దికొద్దిగా. తల బయటపడ్డాక నేరుగా వెనక్కి కాదు, గేదె మడమల వైపు కిందికి లాగాలి.

ఇద్దరు మనుషుల బలానికి రాని దూడ నలుగురు లాగినా రాకూడదు. మోటారు సైకిలుకు, ట్రాక్టరుకు కట్టి లాగిన గేదెలు చీరుకుపోయి చనిపోయాయి. ఆ పని ఎవరు చెప్పినా, ఎంత పెద్దమనిషి చెప్పినా, ఒప్పుకోవద్దు.

## 6. గేదెల్లో దొంగ ప్రమాదం: గర్భసంచి మెలిక

గేదె ఈనలేకపోవడానికి మన దేశంలో ముఖ్యమైన కారణాల్లో ఇదొకటి. ఇంట్లో వాళ్లకు ఇది తెలియక రోజు, రెండు రోజులు పోగొట్టుకుంటారు. అందుకే విడిగా రాస్తున్నాను.

నెలలు నిండిన గర్భసంచి, గేదె జారిపడినప్పుడో, ఇంకో పశువు పొడిచినప్పుడో, పక్కకు దొర్లినప్పుడో తిరగబడి మెలిక పడుతుంది. దారి మూసుకుపోతుంది. నొప్పులొస్తాయి, సంచి మాత్రం రాదు.

గుర్తులు ఇలా ఉంటాయి. గేదె మేత మానేసి కాళ్లతో పొట్ట తన్నుకుంటుంది, లేస్తుంది, పడుకుంటుంది. మానం ఒక పక్కకు గుంజుకుపోయినట్టు కనబడొచ్చు. ఆరేడు గంటలైనా నీళ్లు రావు, గిట్టలు రావు. ఆ తర్వాత గేదె నెమ్మదిస్తుంది. "నొప్పులు తగ్గాయి, ఇంకా టైం ఉన్నట్టుంది" అనుకుని ఇంటివాళ్లు పడుకుంటారు. ప్రాణం మీదికి వచ్చేది అక్కడే. నొప్పి తగ్గింది గేదె అలసిపోయినందువల్ల, కొన్నిసార్లు దూడ చనిపోయినందువల్ల.

నెలలు నిండిన గేదె నొప్పులు పడి, ఏమీ రాకుండా నెమ్మదిస్తే ఆ రాత్రే డాక్టరును పిలవండి. త్వరగా చూస్తే, గేదెను పడుకోబెట్టి, పొట్ట మీద పలక ఆనించి, మెలిక పడిన వైపుకే దొర్లించి విడదీస్తారు. ఏ వైపు మెలిక పడిందో లోపల చెయ్యి పెట్టి చూసినవాళ్లకే తెలుస్తుంది కాబట్టి సొంతంగా దొర్లించకండి. ఆలస్యమైతే ఆపరేషన్ ఒక్కటే దారి.

## 7. దూడ పడగానే: మొదటి పావుగంట

1. మూతి, ముక్కు మీద పొర, జిగట వేళ్లతో తుడిచేయండి. నోట్లో వేలు పెట్టి జిగట లాగేయండి.
2. దూడను రొమ్ము మీద, కాళ్లు కిందికి మడిచి కూర్చోబెట్టండి. పక్కకు పడి ఉంటే ఒక ఊపిరితిత్తికే గాలి అందుతుంది.
3. ఊపిరి అందకపోతే గడ్డిపోచ ముక్కులోకి పోనిచ్చి కదపండి. తుమ్మితే ఊపిరి మొదలైనట్టే. తల మీద, చెవిలో కొంచెం చన్నీళ్లు చిలకరించినా పని చేస్తుంది.
4. గోతంతో పక్కటెముకలు గట్టిగా రుద్దండి.
5. తల్లి ముందు వేసి నాకనివ్వండి. తల్లి నాకుతుంటే దూడ ఒళ్లు ఆరుతుంది, రక్తం ఆడుతుంది, తల్లికి దూడ మీద మమకారం కుదురుతుంది. నాకకపోతే దూడ వీపు మీద కొంచెం తవుడో ఉప్పో చల్లండి.

వెనక కాళ్లు పట్టుకుని దూడను చాలాసేపు వేలాడదీస్తారు. పొట్టలోని పేగుల బరువంతా ఊపిరితిత్తుల మీద పడుతుంది. జిగట కారడానికి కొన్ని క్షణాలు చాలు, ఆ తర్వాత దించేయాలి.

## 8. బొడ్డు

బొడ్డుతాడు దానంతట అదే తెగితే అలాగే వదిలి మందు రాయండి. పొడుగ్గా వేలాడుతుంటే, లేదా రక్తం కారుతుంటే, పొట్టకు రెండు అంగుళాల కింద మందులో ముంచిన దారంతో గట్టిగా కట్టి, ముడికి అర అంగుళం కింద కొత్త బ్లేడుతో కోయండి. అయోడిన్ చిన్న గిన్నెలో పోసి బొడ్డు మొత్తం మునిగేలా పెట్టాలి. దూదితో పైపైన అద్దితే లోపలికి పోదు. ఆరే దాకా రోజుకు రెండుసార్లు, మూడు నాలుగు రోజులు.

పేడ, పసుపు, బూడిద పెట్టొద్దు. బొడ్డు వాచి, వేడిగా ఉండి, ముట్టుకుంటే దూడ గుంజుకుంటుంటే చీము పడుతోందని అర్థం. అక్కడి నుంచి మోకాలి కీళ్లు వాస్తాయి, దూడ కుంటుతుంది. కీళ్ల దాకా రాకముందే వైద్యం చేయించాలి.

## 9. ముర్రుపాలు: మాయ కోసం ఆగొద్దు

మనుషుల్లో తల్లి కడుపులోనే బిడ్డకు కొంత రోగనిరోధక శక్తి చేరుతుంది. గేదెల్లో, ఆవుల్లో చేరదు. దూడ రక్షణ లేకుండా పుడుతుంది, ఆ రక్షణంతా ముర్రుపాలలోనే వస్తుంది. పేగు దాన్ని ఉన్నదున్నట్టుగా పీల్చుకోగలిగేది మొదటి గంటల్లోనే. గంట గంటకూ ఆ శక్తి తగ్గి, ఇరవై నాలుగు గంటలకు దాదాపు మూసుకుపోతుంది. రేపు పొద్దున్న నాలుగు లీటర్లు పట్టినా, ఈ రాత్రి పట్టిన లీటరుకు సాటి రాదు.

మాయ పడకముందు తాగిస్తే మాయ లోపలికి పోతుందని మా మేనత్త ఇప్పటికీ అంటుంది. ఆమె పెంచినన్ని గేదెలు మా వీధిలో ఇంకెవరూ పెంచలేదు, అయినా ఈ ఒక్క మాట వినకూడదు. జరిగేది తలకిందులుగా ఉంటుంది. దూడ చీకినప్పుడు గేదె చేపుతుంది, అంటే పాలు చన్నుల్లోకి దింపుతుంది. చేపడానికి ఒంట్లో ఊరే హార్మోనే గర్భసంచిని కూడా ముడుచుకునేలా చేస్తుంది. అంటే దూడ తాగడం మాయ పడటానికి సాయం.

చేయాల్సిన వరస:

1. గోరువెచ్చని పర్మాంగనేట్ నీళ్లతో పొదుగు, చన్నులు కడిగి తుడవండి. నీళ్లు లేత గులాబీ రంగుకు మించకూడదు.
2. ఒక్కో చన్ను నుంచి మొదటి రెండు ధారలు పిండి పారేయండి. దారి తెరుచుకుంటుంది.
3. అరగంట నుంచి గంటలోపు దూడను చన్ను దగ్గరికి చేర్చండి. లేవలేని దూడకు పిండి, పీక సీసాతో పట్టండి.
4. మొదటి రోజు మొత్తం దూడ బరువులో పదో వంతు. గేదె దూడ సుమారు 30 కిలోలుంటుంది, కాబట్టి మూడు లీటర్లు. మొదటి రెండు గంటల్లో లీటరున్నర, మిగతాది పన్నెండు గంటల్లోపు రెండు మూడు విడతలుగా.
5. తర్వాత మూడు రోజులూ ముర్రుపాలే.

వెదురు గొట్టంతో, కొమ్ముతో తల పైకెత్తి పోయకండి. పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి, మూడో రోజున న్యుమోనియాతో దూడ పోతుంది. సీసాతో పట్టేటప్పుడు తల వీపు ఎత్తును దాటకుండా చూడండి. చీకడం రాకపోతే పాలలో ముంచిన వేలు నోట్లో పెట్టి అలవాటు చేయండి.

పొయ్యి మీద వేడి చేసి కూడా పట్టకూడదు. ముర్రుపాలు వేడికి జున్నుగా గట్టిపడేది అందులోని ప్రొటీన్ల వల్లే, దూడను కాపాడేవి కూడా అందులోనే ఉన్నాయి. చల్లబడితే గిన్నెను గోరువెచ్చని నీళ్లలో ఉంచండి, చాలు.

ఇరుగుపొరుగుకు జున్నుపాలు పంచడం మన ఇళ్లలో ముచ్చటైన అలవాటు, మానమని చెప్పను. దూడ వాటా పూర్తయ్యాక పంచండి. మొదటి పితుకుడు పాలు అర లీటరు సీసాల్లో పోసి ఫ్రీజర్‌లో పెడితే, ఇంకో గేదె ఈనినప్పుడు పాలు రాకపోతే ఆ దూడ బతుకుతుంది. తల్లి చనిపోతే ఊళ్లో అప్పుడే ఈనిన ఇంకో గేదె పాలు, లేదంటే ఆవు ముర్రుపాలు అడిగి తెచ్చుకోండి. గుడ్డు, ఆముదం కలిపిన పాలు కొంత బలమిస్తాయి కానీ ఆ రక్షణ ఇవ్వవు.

మొదటి రోజే దూడ నల్లటి జిగట పేడ వేయాలి. ముర్రుపాలే విరేచనకారి కాబట్టి తాగిన దూడ సాధారణంగా వేసేస్తుంది. ఇరవై నాలుగు గంటలకూ వేయకపోతే, మలద్వారం మూసుకుపోయి పుట్టిందేమో తోక ఎత్తి చూడండి.

## 10. మాయ

మామూలుగా ఎనిమిది నుంచి పన్నెండు గంటల్లో పడుతుంది. వేలాడే మాయకు రాయి, ఇటుక, చెప్పు కట్టొద్దు. గర్భసంచి చీరుకుంటుంది, ఒక్కోసారి మెయ్య దిగుతుంది, అంటే గర్భసంచే బయటికి వచ్చేస్తుంది. లోపల చెయ్యి పెట్టి పీకేవాళ్లను పిలవొద్దు. పన్నెండు గంటలు దాటితే డాక్టరుకు చెప్పండి. జ్వరం, దుర్వాసన, మేత మానడం ఉంటే ఆ గడువు కూడా చూడొద్దు.

పడిన మాయను గేదె తినకుండా తీసి, తొడుగులతో పట్టుకుని, లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చండి. కుక్కలకు వేయడం, కాలువలో పారేయడం వద్దు. ఈసుకుపోయిన (నెలలు నిండకుండానే దూడను వేసేసిన) గేదె మాయతో బ్రూసెల్లోసిస్ మనిషికి కూడా అంటుకుంటుంది. ఇంట్లో గర్భిణులు దాని జోలికి రాకూడదు.

## 11. తల్లికి మొదటి మూడు రోజులు

ఈనగానే బకెట్ నిండా గోరువెచ్చని నీళ్లు, అందులో కొంచెం బెల్లం, తవుడు. అలసిన ఒంటికి ముందు నీళ్లు కావాలి. బాలింత కదా అని ఒకేసారి గంపెడు అన్నం, నూకల సంకటి పెడితే పొట్టలో పులిసి మేత ఆగిపోతుంది. దాణా రోజుకు అరకిలో చొప్పున పెంచుకుంటూ రండి. పచ్చిమేత, ఎండుగడ్డి మాత్రం ఎంత తింటే అంత.

పాల జ్వరం. పేరులో జ్వరం ఉంది కానీ ఒళ్లు చల్లబడుతుంది. ఎక్కువ పాలిచ్చే గేదెకు మూడు రోజుల్లోపు వస్తుంది. ముందు తూలుతుంది, తర్వాత పడుకుని మెడ డొక్క మీదికి తిప్పేసుకుంటుంది, చెవులు చల్లగా తగులుతాయి, మోర ఎండుతుంది. నోట్లో ఏమీ పోయకండి, మింగలేదు. రొమ్ము మీద కూర్చునేలా గడ్డి మూటలు ఆనించి, డాక్టరును పిలవండి. నరంలోకి కాల్షియం మెల్లగా ఎక్కిస్తే చాలావరకు కొన్ని గంటల్లోనే లేస్తుంది. మొదటి రెండు రోజులు పొదుగు పూర్తిగా ఖాళీ చేయకుండా, దూడకు కావలసినంత, ఇంకొంచెం మాత్రమే పిండడం మేలు.

మెయ్య దిగితే. చల్లటి శుభ్రమైన నీళ్లతో కడిగి, తడి బట్ట చుట్టి, గేదె వెనక భాగం ఎత్తుగా ఉండేలా నిలబెట్టండి. కాకులు, కుక్కలు ముట్టకుండా మనిషి కాపలా ఉండాలి. మీరు లోపలికి నెట్టకండి.

## 12. దూడ మొదటి నెల

పాలు రోజుకు బరువులో పదో వంతు. రెండో నెలలో పదిహేనో వంతు, మూడో నెలలో ఇరవయ్యో వంతు. తల్లి దగ్గర చీకే దూడకైతే ఒక చన్ను పూర్తిగా వదిలేయండి. చేపడానికి రెండు గుక్కలు తాగించి లాగేస్తే దూడకు అందేది ఏమీ లేదు.

మగదూడ పుడితే చాలా ఇళ్లలో మొహాలు మారిపోతాయి, పాలు తగ్గించేస్తారు. చూస్తూ చూస్తూ ఎండబెట్టడం అది. కనీసం లెక్కగానైనా ఆలోచించండి: దూడ పోయిన గేదె చేపదు. అప్పుడు గడ్డి కూరిన తోలు దూడను ముందు నిలబెట్టడం, లేదా రోజూ చేపు ఇంజక్షన్ పొడవడం. మగదూడకు పోసిన లీటరు పాలు ఊరికే పోవు.

పాముల మందు. గేదె దూడలకు ఏలికపాములు తల్లి పాల ద్వారానే వస్తాయి, కాబట్టి పాక ఎంత శుభ్రంగా ఉన్నా వస్తాయి. పది, పదిహేను రోజుల మధ్య మొదటి మోతాదు పట్టాలి. పైపరజీన్ మందు బరువును బట్టి డాక్టరు చెబుతారు. తర్వాత ఆరు నెలల దాకా నెలకోసారి. పొట్ట ఉబ్బి, వెంట్రుకలు గరుకై, మట్టి రంగులో భరించలేని వాసనతో పేడ వేస్తుంటే ఇప్పటికే ఆలస్యమైందని తెలుసుకోండి.

పారుడు. దూడను చంపేది ఒంట్లో నీళ్లు పోవడమే. మెడ మీద చర్మం చిటికెతో పట్టి వదలండి. వెంటనే సర్దుకుంటే ఫర్వాలేదు. రెండు క్షణాలు దాటినా అలాగే నిలబడితే, కళ్లు లోపలికి పోతే, ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

- మెడికల్ షాపు ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను దాని మీద రాసినన్ని కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి, రోజుకు మూడు నాలుగుసార్లు పట్టండి.
- పాలు పూర్తిగా మానొద్దు, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు ఇవ్వండి. ఓఆర్ఎస్‌కు, పాలకు మధ్య రెండు గంటల ఎడం ఉండాలి.
- పాలు పట్టే గిన్నె, పీక ప్రతిసారీ వేడినీళ్లతో కడగండి.
- రక్తం పడినా, జ్వరం 103 దాటినా, చెవులు చల్లబడినా ఇంటి వైద్యం ఆపేయండి.

మట్టి నాకే దూడకు చిక్కం కట్టి ఊరుకోవద్దు. లవణ మిశ్రమం, పాముల మందు రెండూ చూడాలి. చిక్కం తాత్కాలికం.

రెండో వారం నుంచి గుప్పెడు దూడ దాణా, మెత్తటి పచ్చిగడ్డి ముందు పెట్టండి. మొదట ఆడుకుంటుంది, తర్వాత తింటుంది. దాణా తింటేనే నెమరు వేసే పొట్ట ఎదుగుతుంది. మంచినీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. చలి రాత్రుళ్లు వీపు మీద గోతం కట్టి, కింద గడ్డి రోజూ మార్చండి.

## 13. నాలుగో నెల దాకా మిగిలినవి

పన్నెండు అంకెల చెవి పోగు వేయించండి, టీకాలన్నీ ఆ నంబరు మీదే నమోదవుతాయి. నాలుగో నెలలో గాలికుంటు టీకా మొదటి మోతాదు, నెలకు బూస్టర్. నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య పెయ్యదూడలకు మాత్రం బ్రూసెల్లా టీకా, జీవితంలో ఒక్కసారే. ఆ వయసు దాటితే మళ్లీ వేయరు, అందుకే పుట్టిన తేదీ కూడా క్యాలెండర్ మీద రాయండి. పిడుదులు చెవుల లోపల, తోక కింద, తొడల సందుల్లో దాక్కుంటాయి. వారానికోసారి అక్కడ వేలితో తడిమి చూడండి.